కోరుట్లలో డూప్లెక్స్ ఇల్లు వెతికిన రోజు

సిరిసిల్ల ఆసుపత్రిలో ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక నన్ను కోరుట్లకు బదిలీ చేశారు. చేరడానికి పది రోజుల గడువు. ఈసారి రెండు గదుల పోర్షన్ వద్దనుకున్నాను. ఊరి బయట కొత్త కాలనీలో, పాలరాతి హాలు, కిందనే పడకగది, దానికి ఆనుకుని కమోడ్ ఉన్న బాత్రూం ఉండే పెద్ద ఇల్లే కావాలనుకున్నాను. ఉండేది నేనూ మా అమ్మా ఇద్దరమే, వింటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ అనుకున్నాను. మా అమ్మ కోనరావుపేట నుంచి సిరిసిల్లకు వచ్చి ఇరవై ఐదేళ్లు మేస్త్రీల కింద ఇటుకలు మోసింది. మోకాళ్లు అరిగిపోయాయి. నా జీతం పెరిగింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

మంగళవారం పొద్దున ఆరున్నరకు సిరిసిల్లలో బస్సెక్కి, వేములవాడలో దిగి జగిత్యాల బస్సు పట్టుకున్నాం. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ ఇద్దరికీ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు కొట్టాడు. ఈ దారిన వెళ్లేవాళ్లు ఏడింటిలోపే ఎక్కాలి, ఆ తర్వాత నిలబడే ప్రయాణం.

సీటు దొరికాక అమ్మకు ఒక మాట చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిరిసిల్లలో ఇల్లు వెతికినప్పుడు నేను కులం మార్చి చెప్పాను. మూడు నెలలకు సంగతి తెలిసిపోయి ఖాళీ చేయమన్నారు. అమ్మ ఆ పూటే గిన్నెలు సర్దింది. మళ్లీ అలాంటి రోజు రాకూడదని నా భయం. అందుకే, ఈరోజు ఎవరైనా కులం అడిగితే నువ్వు పలకొద్దు, నేను చూసుకుంటానని చెప్పాను.

“అబద్ధం చెప్పి పోయినింట్ల నిద్రవట్టది బిడ్డా” అని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తొమ్మిదింబావుకు జగిత్యాల. బస్టాండు ఎదురుగా పూరీ తిన్నాం, వేడిగా బాగుంది. జగిత్యాల నుంచి కోరుట్లకు రోజూ తిరగవచ్చని మొదటి ఇల్లు అక్కడే చూసిపెట్టాను. ధర్మపురి రోడ్డు వైపు కొత్త కాలనీ, ఆటోలో పది నిమిషాలు. ఇంటి యజమాని రిటైరైన పెద్దమనిషి, మర్యాదగానే లోపలికి పిలిచాడు. ఫాల్స్ సీలింగు, దాచిపెట్టిన లైట్లు, అద్దంలా మెరిసే గ్రానైటు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అమ్మ ఒక చెంబు నీళ్లు అడిగింది. తాగడానికేమో అనుకుని ఆయన ఇచ్చాడు. ఆమె నేరుగా బాత్రూంలోకి వెళ్లి నేల మీద కుమ్మరించింది. అది ఆమె అలవాటు. ఏ ఇల్లు చూసినా ముందు వాటం, అంటే నీళ్లు పోయేలా నేలకు ఇచ్చిన వాలు, చూస్తుంది. నీళ్లు బయటికి పోయే జాలీ వైపు పోకుండా తలుపు వైపు నడిచొచ్చాయి.

“వాటం తప్పింది సారూ” అంది.

ఆయన ముఖం మాడిపోయింది. నా ఉద్యోగం, ఊరు అడిగి, చివరికి మీరేమిట్లు అని కులం అడిగాడు. క్రిస్టియన్స్ అన్నాను. అంతకు ముందేమిటని అడిగాడు. నేను తలెత్తి ఫాల్స్ సీలింగు లైట్లు చూశాను. అంతలోనే ఆయనకు అర్థమైపోయింది. ఇంకెవరికో మాటిచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చిందట. గేటు దాటాక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ డబ్బా తీసి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది.

పన్నెండింటికి కోరుట్ల బస్సు. పక్క సీట్లో మేడిపల్లిలో దిగాల్సిన లచ్చక్క అనే ఆమె కూర్చుంది. మన బస్సుల్లో ఎక్కడికి, ఎందుకు అని అడగకపోతే తప్పు కదా, అడిగింది. చెప్పాను. ఆమె మొన్నటిదాకా కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డుకున్న ఒక డూప్లెక్స్ ఇంట్లో వంట చేసిందట. ఆ ఇల్లామె పిల్లల చదువుకని హైదరాబాద్ వెళ్లిపోతూ మంచి మనుషుల కోసం చూస్తోందట.

“నస్రీన్ ఆపా అంటరు. ఆగుండ్రి, నేనే ఫోన్ చేస్త” అని, బస్సు చప్పుడులో అరిచి అరిచి మాట్లాడి, మా గురించి తనకు తెలియని మంచి కూడా నాలుగు మాటలు చెప్పి, మేడిపల్లిలో దిగిపోయింది. ఆమె ఇంటిపేరు కూడా నేను అడగలేదు.

రెండు గంటలకు ఆ ఇంటి ముందున్నాం. తెల్లటి రెండంతస్తుల ఇల్లు, ముందు కారు పట్టేంత జాగా. అమ్మ గేటు బయటే చెప్పులు విడిచి, కాలే బండల మీద నడిచింది. నస్రీన్ ఆపా వరండాలోకి వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. నేను ఉద్యోగం గురించి మొదలుపెట్టేలోపే అమ్మ అందుకుంది.

“మేం మాదిగోళ్లం బిడ్డా. చర్చికి పోతం. ఇస్తనంటెనే లోపటికత్తం.”

నాకు భూమి చీలితే బాగుండనిపించింది. అమ్మ మీద కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

“ముందు చెప్పులు లోపల్కి తెచ్చుకో అమ్మా, కుక్కలెత్కపోతయ్” అంది నస్రీన్ ఆపా. “నాకు ఇల్లు సాఫ్ ఉంచెటోళ్లు గావాలె. గంతే.”

ఇల్లు చూపించింది. వంటింట్లో చిమ్నీ, మెట్లకు టేకు రెయిలింగు, కింద అమ్మకు కావలసిన పడకగది. అమ్మ మళ్లీ చెంబు అడిగింది. ఈసారి నేను తల పట్టుకున్నాను. కింద నీళ్లు సరిగ్గా పోయాయి. మోకాళ్ల నొప్పితోనే పైకెక్కి బాల్కనీలో పోస్తే, నీళ్లు గది గోడ వైపు తిరిగి అక్కడే నిలిచాయి. అమ్మ వంగి చూసింది. నీళ్లు పోయే పైపు నేలకంటే ఎత్తులో ఉంది. అందుకే వాన పడితే గోడ చెమ్మ పడుతుందని, బండలు తీసి పైపు రెండు వేళ్లు దింపిస్తే చాలని చెప్పింది.

నస్రీన్ ఆపా గోడకు పెచ్చులూడిన చోట చెయ్యి పెట్టి నిలబడిపోయింది. మూడు వానాకాలాలు రంగులు వేయించిందట, ఏ మేస్త్రీ ఈ మాట చెప్పలేదట.

“నేను పోయినంక గీ ఇంటిని ఎవలు చూస్తరని మస్తు ఫికర్ చేసిన” అంది. “మీరే ఉండాలె.” అద్దె తనే కొంచెం తగ్గించి, సేమ్యా, పాలతో చేసిన షీర్ తాగించి పంపింది.

నాలుగున్నరకు కోరుట్లలో తిరుగు బస్సు. చల్లగాలి తగులుతుంటే ఆ రోజు కలిసిన వాళ్లందరికీ మనసులో దండాలు పెట్టుకున్నాను. లచ్చక్కకు రెండుసార్లు. జగిత్యాల పెద్దమనిషికి కూడా ఒకటి, ఆయన ఒప్పుకుని ఉంటే రోజూ బాత్రూం నీళ్లు ఎత్తిపోసుకునేవాళ్లం.

కథలాపూర్ దాటాక అమ్మ తనంతట తానే మాట్లాడింది. “కట్టుడైనంక ఏ ఇంట్లకు మల్ల పోలే బిడ్డా. బండలు పాలిష్ వట్టంగనే ఇంకో సైటుకు పోదుం. మంచాలు ఏ మూలకేస్తరో గూడ తెల్వది.”

ఆ గొంతులో బాధ లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. నీ మంచం ఎక్కడ వేద్దామని అడిగాను. పడకగదిలో కిటికీ పక్కన అంటుందనుకున్నాను. రుద్రంగి వచ్చేదాకా ఆలోచించింది.

“హాల్లెయ్యి, తలుపుకు ఎదురుంగ. ఎవలచ్చినా ముందుగాల్ల నేనే కనవడాలె.”