పక్కింటి అక్క థాయిలాండ్ ప్రయాణం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో కొన్నాళ్ళపాటు ఎవరి నోట విన్నా ఒకటే ముచ్చట. పక్కింటి అక్క థాయిలాండ్ పోతుందట! బొగ్గు బాయిలో దిగే కార్మికుడి బిడ్డ విమానం ఎక్కుతుందట, ఎక్కడో కొండ ఊళ్ళలో ఇంగ్లీషు నేర్పుతుందట. పంపేది ఆమె వెళ్ళే చర్చివాళ్ళే. అక్కడి పిల్లలకు, పెద్దలకు ఇంగ్లీషు చెప్పడం, అడిగినవాళ్ళకు ప్రభువు సంగతి చెప్పడం, అదీ పని. మాది చర్చికి వెళ్ళే ఇల్లు కాదు. అయినా అక్క సగం మా ఇంట్లోనే పెరిగింది. అందుకే విమానం ఎక్కేది నేనే అన్నంత సంబరంగా బడిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను.

నిజానికి ప్రయాణం ఇంకా ఖాయం కాలేదు. ఆ కొండల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక ముసలి దొరసాని మా ఊరికి వచ్చింది. అక్క పాఠం చెబుతుంటే చూసి, పంపాలో వద్దో ఆమే తేల్చాలి. అయితే ఒక షరతు పెట్టింది. పాఠం వినేవాళ్ళ భాష అక్కకు రాకూడదు, అక్క భాష వాళ్ళకూ రాకూడదు. రేపు అక్కడ ఉండబోయేది అదే పరిస్థితి కదా. మా ఊళ్ళో అందుకు తిప్పలేమీ లేవు. రామగుండంలో కరెంటు ప్లాంటు కట్టడానికి ఒడిశా నుంచి కూలీల కుటుంబాలు కొత్తగా దిగాయి. వాళ్ళ రేకుల గుడిసెలు ఊరి చివరే. వాళ్ళకు తెలుగు ముక్క రాదు. హిందీ కూడా అంతంతమాత్రమే.

అక్క అట్టల మీద బొమ్మలు గీసింది. యాపిల్, ఓడ, రాజు, గొడుగు. యాపిల్‌కు ఎర్ర రంగు వేసింది నేనే. ఆ అట్టలు మోయడానికి నన్ను వెంటపెట్టుకుని వెళ్ళింది. చర్చి అయ్యగారు, దొరసాని ముందు నడుస్తుంటే వెనక నేను గంతులు వేసుకుంటూ పోయాను.

పొద్దు వాలే వేళ. పనుల నుంచి వచ్చిన ఆడవాళ్ళు పొయ్యిలు ముట్టించారు. అక్క నిలబడి యాపిల్ బొమ్మ ఎత్తి చూపించి, "యాపిల్" అంది. ఎవరూ పలకలేదు. ఓడను చూపించింది. ఒక చిన్న పిల్ల తల్లి కొంగులో దూరింది. ఒకామె మొహం తిప్పుకుని పొయ్యి మీది అన్నం కలియబెట్టడంలో పడింది. అక్క గొంతు పెంచింది. పెంచినకొద్దీ వాళ్ళు ఇంకా ముడుచుకుపోయారు. దొరసాని బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఊరికే చూస్తోంది. అట్ట మార్చుకునే వంకతో అక్క నా దగ్గరికి వచ్చింది.

"అయిపాయెనే. నన్ను ఇంటికే పంపిస్తరు."

నాకు తోచింది అనేశాను. "గట్ల ఒర్రితే మా ఇంగ్లీషు సారు లెక్కనే ఉన్నవక్కా. నాకే భయమైతుంది."

అక్క నా మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. అట్టలన్నీ నా చేతిలో పెట్టింది. చెప్పులు విడిచి, ఆ అన్నం వండుతున్న ఆమె పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గిన్నె వైపు వేలు చూపి, ఇదేమిటన్నట్టు కనుబొమలెగరేసింది.

"భాత," అంది ఆమె అనుమానంగా.

"బత్తా?" అంది అక్క.

పొయ్యిల చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. ఆమె మళ్ళీ నిదానంగా చెప్పింది. అక్క మళ్ళీ తప్పే పలికింది. కొంగులో దాక్కున్న పిల్ల బయటికి వచ్చి, అక్క గడ్డం పట్టుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు, "భా...త" అని నేర్పింది. ఈసారి అక్క సరిగ్గా అనేసరికి గుడిసెలన్నీ చప్పట్లు! అప్పుడు అక్క అదే గిన్నెను చూపి, "రైస్" అంది. ఇందాక మొహం తిప్పుకున్న ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ, "రైస్" అంది.

ఇక ఆగింది లేదు. ఉప్పుకు వాళ్ళు "లుణ" అంటే అక్క "సాల్ట్" అంది. చెట్టుకు "గఛ" అంటే "ట్రీ" అంది. పనుల నుంచి వస్తున్న మగవాళ్ళు కూడా ఆగి నిలబడ్డారు. ఇంతలో నా ఈడు పిల్ల ఒకతి నా జడ పట్టుకు లాగి, "బాళ" అంది. ఇంగ్లీషు సారు లేపితే నోరు పెగలని నేను, "హెయిర్!" అని గట్టిగా అరిచాను. ఆ పిల్ల తిరిగి అంది. నా గుండె పొంగిపోయింది. మేమిద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని గుడిసెల మధ్య పరుగులు పెట్టాం. కుక్క కనబడితే "కుకుర", "డాగ్". కనబడినదానికల్లా రెండు పేర్లు!

చీకటి పడుతున్నా వాళ్ళు మమ్మల్ని కదలనివ్వలేదు. మరమరాలు తెచ్చి ఒళ్ళో పోశారు. దొరసాని లేచి అయ్యగారితో ఇంగ్లీషులో ఏదో అంది. అక్క అయ్యగారి వైపు తిరిగింది.

"బట్టలు సర్దుకో బిడ్డా," అన్నారు అయ్యగారు. "జల్ది పంపియ్యాల్నట."

అక్క నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఒళ్ళోని మరమరాలన్నీ చుట్టూ చెల్లాచెదురయ్యాయి.

ఇంటికి పోతూ అడిగాను. "నీకు ఆ 'భాత' నిజంగనే పలకరాలేదా అక్కా?"

"మొదలు రాలె. తర్వాత కావాల్ననే తప్పు చెప్పిన," అంది. "మనం తప్పు చెప్తె వాళ్ళకు ధైర్యమొస్తదే. ముందు మనం వాళ్ళ తాన నేర్చుకోవాలె."

మా గల్లీలోకి వచ్చేసరికి అక్క వాళ్ళ బాపు డ్యూటీకి బయల్దేరుతున్నాడు. సంగతి విని, నెత్తి మీది టోపీ తీశాడు. "నేను రోజు భూమిలకు దిగుడే. నా బిడ్డ మొగులు మీదికెళ్ళి పోతదా!" అని పెద్దగా నవ్వాడు. కళ్ళు మాత్రం తడిసిపోయాయి.

అక్క ఆ కొండల్లోనే చాలా ఏళ్ళు ఉండిపోయింది. నేను ఏ దేశమూ పోలేదు. నస్పూర్‌లో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా వరండాలోకి సాయంత్రాలు పిల్లలు వస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, గోండీ మాట్లాడేవాళ్ళు, పని కోసం బీహారు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు. కొత్తగా వచ్చిన పిల్లకు మొదటి రోజు నేనేమీ నేర్పను. నీళ్ళను మీ ఇంట్లో ఏమంటారమ్మా అని అడుగుతాను. చెప్పింది విని తప్పుగా పలుకుతాను. ఆ పిల్ల నవ్వి, నన్ను సరిదిద్దుతుంది. అప్పుడు మొదలవుతుంది మా ఇంగ్లీషు.