పదమూడో వరస

సంగం కాలవ కింద మా నీళ్ల సంఘంలో ఒక గుమాస్తా ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని గంటల నీళ్లో కంప్యూటర్లో ఉత్త అక్షరాలతోనే పట్టిక గీసి, దాని కిందనే గంటలు లెక్కగట్టే ఫార్ములా రాసి పెట్టినాడు. ఎవరేమడిగినా మొహం ఎత్తేవాడు కాదు. గోటితో తెరను గీకి, "ఫార్ములా చెప్పింది" అనేవాడు.

ఆ ఏడు కొత్తగా చేరిన ఒకామె పేరు పక్కన గంటలు ఖాళీగా వచ్చినాయి. ఆమె నారు ఎండిపోతా ఉండింది.

"ఫార్ములా ఇయ్యలేదంటే నీకు లేవనేమ్మా" అన్నాడు.

నేను యాభై ఏళ్లకు అక్షరాలు దిద్దినోణ్ణి. తెర మీది ఆ ఫార్ములాను కూడబలుక్కొని చదివినాను.

"ఏందిరా, నీ ఫార్ములా పన్నెండో వరస దాకనే రాసుండాది. ఆమెది పదమూడు గదరా!"

వాడు ఆ పన్నెండును పదమూడు చేసినాడు. నాలుగు గంటలు వచ్చినాయి. ఆమె ఆ మొద్దు గుమాస్తాకే దండం పెట్టి కాలవ మీదికి పరిగెత్తింది. వాడు ఆ దండాన్నీ చూళ్లేదు.