మిలటరీ బండీ మరచెంబూ

మా ఆయన ఆ బండిని మిలటరీ వేలంలో కొని తెచ్చిన రోజు మల్కాపురంలో మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. అది మామూలు జీపు కాదు, జీపుకి పెద్దన్న. పొడుగాటి ఒళ్ళు, ఎత్తైన చక్రాలు, వెనకాల ఎదురెదురుగా చెక్కబల్లలు, పైన చిరిగిన గుడ్డ టాపు. ఇదెంత పెట్రోలు తాగుతుందని అడిగితే దాని బానెట్టు నిమురుతూ నిలబడ్డాడు. ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టమని అక్కడే అనేశాను. ఆయన పోర్టులో క్రేన్లు బాగుచేసే ఫిట్టరు. ఇనుము కనబడితే చాలు, ఆ మనిషికి ఇక పెళ్ళాం కనబడదు.

డ్యూటీ దిగి రావడం, లుంగీ ఎగ్గట్టి దాని కిందికి దూరడం. సముద్రపు గాలికి అడుగురేకు జల్లెడైపోయి ఉండేది. పాత డీజిలు పీపా కోసి, సుత్తితో సాపుచేసి, అతుకులు వేశాడు. గుడ్డ టాపు పీకేసి రేకు టాపు కట్టాడు. బ్రేకులు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. నా పోపులపెట్టె పక్కకి స్పానర్లు వచ్చి చేరాయి, నా పాత చీరలు గ్రీజు తుడిచే గుడ్డలయ్యాయి. కసరడం నా పని, వినకపోవడం ఆయన పని. ఏడాది పైన అలాగే గడిచింది. అంత చేసినా ఆ బండి వీధి చివర కిళ్ళీకొట్టు దాటి పోయింది తక్కువే.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో మా అత్త నూతిగట్టు మీద జారిపడింది. తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక కూర్చోలేదు, కాలు మడవలేదు, పడుకునే అన్నీ. మాట మాత్రం పడుకోలేదు, మంచం మీంచే ఇల్లంతా నడిపేది. అదే సమయంలో గాజువాక అవతల ఉన్న మా అత్తవారి ఊరు ఉక్కు ఫ్యాక్టరీకి పోతోందన్న కబురు నిజమైంది. మేమెప్పుడో పోర్టు పనికి వచ్చేశాం గానీ ఊళ్ళో పొలం మాదే. మిగిలిన జనం కూడా ఇళ్ళు ఖాళీ చేసేశారు. మట్టి చదును చేసే యంత్రాలు దిగాయని పాలవాడు చెప్పాడు.

ఆ కబురు విన్న దగ్గర్నుంచి అత్త నోరు కట్టేసుకుంది. ఆవిడ అరిస్తే భరించగలను, ఊరుకుంటే భయమేసింది. ఒకరోజు తలకి నూనె రాస్తుంటే, నా మొహం చూడకుండా గోడకేసి తిరిగి చెప్పింది. మా ఆయనకంటే ముందు ఆవిడకో కొడుకు. మాటలొచ్చిన పిల్లవాడు. జ్వరం తగిలింది. జ్వరంలో పిల్లలకి నీళ్ళు పట్టకూడదని ఆ రోజుల్లో పెద్దవాళ్ళ మాట. తన అత్తగారి మాట జవదాటలేక ఈవిడ కుండ మీద మూతపెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పిల్లవాడు అలాగే పోయాడు. చిన్నపిల్లలని కాల్చరు కదా, పొలంలో నూతికి తూర్పున గట్టు మూల పాతిపెట్టారు. అప్పట్నుంచి ఏటా ఎండాకాలం వెళ్ళి, మరచెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి అక్కడ పోసి వచ్చేది. ఎందుకు వెళ్తోందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొలం చూసి రావడానికనే మేమనుకునేవాళ్ళం.

"నీల్లడిగినాడు. నానివ్వలేదు," అంది. "ఈ ఏడు ఎల్లకపోతే మరింక సోటే ఉండదు."

నూనె చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను, మండాయి. రాత్రి భోజనం దగ్గర మా ఆయనకి చెప్పాను. తనకో అన్న ఉండి పోయాడని తెలుసు గానీ, నీళ్ళ సంగతి ఆయనకీ తెలీదు. సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రోజు నుంచి ఆ బండి పని ఆటగా చెయ్యలేదు.

టాక్సీలో అత్త కాళ్ళు చాపుకుని పడుకోవడానికి చోటు చాలదు. మా బండిలో చాలుతుంది, కానీ అది మిలటరీ సామాను మోసిన బండి. చక్రాల మీద బరువు మోసే కమానుపట్టీలు బిరుసు. చిన్న రాయెక్కినా నడుము విరుగుతుంది. ఒక్కో కమానుకట్టలోంచి కొన్ని పట్టీలు తీసేసి మెత్తన చేశాడు. వెనక బల్లలు ఊడదీశాడు. నవారు మంచం కాళ్ళు కోసేసి, లారీ ట్యూబు రబ్బరు పట్టీలతో నాలుగు వైపులా వేలాడదీశాడు. నన్ను పడుకోమని ఊపి చూశాడు. ఉయ్యాల్లా ఉంది. తీరా అత్తకి చూపిస్తే ససేమిరా ఎక్కనంది. కాళ్ళు లేని మంచం మీద ఎవరిని తీసుకెళ్తారో నాకు తెలీదా, ఇంకా చావలేదు నేను, అని తిట్టిపోసింది. ఆయన కోసిన కాళ్ళలోంచి జానెడేసి ముక్కలు మళ్ళీ బిగించాడు. నేలకి ఆనని ఆ కాళ్ళు చూసుకుని ఆవిడ శాంతించింది.

ఇక మిగిలింది రేడియేటరు. ఇంజను ఊరికే కాగిపోయేది. విప్పి చూస్తే లోపలంతా గార. మల్కాపురం నూతినీళ్ళు ఉప్పు, అవే పోస్తూ వచ్చాం. ఇత్తడి సామాను కదా, చింతపండు పులుసు పోసి నానబెట్టమంది అత్త. జీవితమంతా బిందెలూ చెంబులూ తోమిన చెయ్యి అది. నాకూ సబబనిపించింది, మా ఆయనకీ సబబనిపించింది. పెద్ద గంగాళంతో పులుసు కాచి పోశాం. ఒక పగలంతా నానాక ఒంపితే గారంతా బురదలా దిగింది. రేడియేటరు లోపల బంగారంలా మెరిసింది. అత్త మొహం కూడా.

మంచినీళ్ళు పోసి చూస్తే అన్ని వైపుల్నుంచీ కారుతోంది. ఎప్పుడో పడిన చిల్లులని ఇన్నాళ్ళూ ఆ గారే మూసి ఉంచింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పాతపట్నంలో చిల్లులకి మాటు వేసే సాయిబు కొట్టుకి పరిగెత్తాడు. వాళ్ళింట్లో పెళ్ళి, కొట్టు మూసి ఉంది. ఇంకెవరికైనా ఇద్దామంటే ఆ సాయంత్రమే పాలవాడు వచ్చి, యంత్రాలు మా పక్క మడిదాకా వచ్చేశాయన్నాడు. అత్త విన్నది. చింతపండు మాట చెప్పిన నోటిని చేత్తో మూసుకుని పడుకుంది.

తెల్లారి ఆ చిల్లుల రేడియేటరుతోనే బయల్దేరాం. వెనక మంచం మీద అత్త, పక్కన నేను, నా కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బాలు. అత్త గుండెల మీద మరచెంబు. వీధి కుళాయి తియ్యనీళ్ళు తనే దగ్గరుండి పట్టించి, మర బిగించమంది. గాజువాక దాటేసరికే ముందునుంచి ఆవిరి. ఆగడం, చల్లారనివ్వడం, నీళ్ళు పోయడం. అంబలికని తెచ్చిన చోడిపిండి ఉంటే అది కలిపి పొయ్యమని అత్తే చెప్పింది, ఈసారి చాలా మెల్లగా. వేడికి పిండి ఉడికి చిల్లులు కొన్ని మూసుకున్నాయి, కొన్ని కారుతూనే ఉన్నాయి. తారురోడ్డు దిగి లారీల గాడిలో పడ్డాక డబ్బాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. మంచం మాత్రం ఊగిందే గానీ అత్తకి దెబ్బ తగల్లేదు. మా ఆయన చేసిన పనుల్లో నేను నోరు మూసుకుని మెచ్చుకున్నది అదొక్కటే.

ఊరు లేదు. గోడలున్నాయి, కప్పులు లేవు. మా పొలం పక్క మడి చదునై ఎర్రగా ఉంది. దూరంగా యంత్రాలు మట్టి తోస్తున్నాయి. నూయి చూసుకుని మాత్రం పోల్చుకున్నాం, అదీ సగానికి పైగా మట్టితో పూడ్చేశారు. చుక్క నీరు లేదు. గట్టు మూల ఇంకా ఉంది. ఆయన బండిని వెనక్కి నడిపి, వెనక తలుపు సరిగ్గా గట్టుకి ఆనేలా పెట్టి, ఇంజను ఆపాడు. రేడియేటరు బుసకొట్టి బుసకొట్టి ఊరుకుంది. డబ్బాలు అన్నీ ఎత్తి చూశాను. ఖాళీ. తిరిగి వెళ్ళడానికి నీళ్ళు ఆ మరచెంబులో ఉన్నవే. మా ఆయన ఆ చెంబు వైపు ఒక్కసారి చూసి, చటుక్కున తల తిప్పేసుకున్నాడు. రోడ్డు దాకా నడిచి నీళ్ళు తెస్తానంటూ ఖాళీ డబ్బా అందుకున్నాడు.

అత్త మంచం అంచుకి జరిగింది. నేను భుజం పట్టుకున్నాను. మర విప్పి, చెయ్యి చాచి, గట్టు మూల మెల్లగా పోసింది. ఎండిన మట్టి కదా, శబ్దం చేసుకుంటూ తాగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేనే ఏడ్చాను. పోస్తూ పోస్తూ చెంబు సగం కూడా కాకముందే ఆపేసింది.

"ఒరే, ఇటు రా," అని కొడుకుని పిలిచి చెంబు అందించింది. "అన్న తాగీసినాడు. మిగిలింది నీది."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అవి పెద్దోడి నీళ్ళు, అన్నీ పొయ్యమన్నాడు. తను నడిచి తెచ్చుకుంటానన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. చెంబు పట్టుకున్న ఆవిడ చెయ్యి వెనక్కి పోలేదు.

"నీల్లు సేతిలో ఎట్టుకుని ఇవ్వకపోతే ఏటౌద్దో నాకు తెలుసు," అంది. "ఇంకోపాలి నాసేత ఆ పని సేయించకు."

మా ఆయన రెండు చేతులతో చెంబు అందుకున్నాడు. అమ్మ చూస్తుండగా ఎత్తి ఒక గుక్క తాగాడు. తర్వాత ముందుకి వెళ్ళి, చుక్క కింద పడకుండా మిగిలినవన్నీ రేడియేటర్లో పోశాడు.