పోటీకి పంపిన బేరాలత్త

మా స్టీలు సామాన్ల దుకాణం నుంచి ఏమీ కొనకుండా వెళ్లేవాళ్లు రెండు రకాలు. ధర నిజంగా నచ్చనివాళ్లు చెప్పులు తొడుక్కుని వెనక్కి చూడకుండా రోడ్డెక్కుతారు. బేరం కోసం వెళ్లేవాళ్లకు మాత్రం సరిగ్గా అప్పుడే చెప్పుల్లో కాళ్లు పట్టవు. ఒక చెప్పు బోర్లా పడి ఉంటుంది, ఇంకోదాని పట్టీ ఊడి ఉంటుంది. వెనక నుంచి "అమ్మా, జర ఇటు రా, ఎంతకిస్తవో చెప్పు" అన్న పిలుపు వచ్చేదాకా ఆ చెప్పులతో కుస్తీ పడుతూనే ఉంటారు. కరీంనగర్ బజారులో గల్లా పక్కన పెరిగినదాన్ని కనుక అక్షరాల కన్నా ముందే నాకు ఈ తేడా తెలిసింది. కొనడానికి వెళ్లినప్పుడు నేను పక్కా రెండో రకం. నా చెప్పులంత మొండి చెప్పులు ఈ జిల్లాలో ఎవరికీ ఉండవు.

పిలుపు రాకపోతే ఎలా ఉంటుందో మాత్రం ఈమధ్యే తెలిసింది. అదీ బజారులో కాదు, బొమ్మల కథల పోటీలో.

నేను కామిక్స్ గీస్తాను. గీస్తాను అంటే, గిరాకీ లేని మధ్యాహ్నాలు గిన్నెల దొంతర వెనక కూర్చుని సెకండ్ హ్యాండ్ టాబ్లెట్ మీద మొదటి పేజీలు గీస్తాను. చాలా ఏళ్లుగా నా దగ్గర మొదటి పేజీలే ఉన్నాయి. అన్నింటిలోనూ ఉండేది ఒకే మనిషి, బేరాలత్త. ఆదిలాబాద్‌లో రగ్గులూ స్వెట్టర్లూ అమ్ముకునే మా మేనత్తను చూసి పుట్టించాను. ఎత్తు పీట మీద కూర్చుంటుంది, ముక్కుపుడక ఉంటుంది, ఎవరితోనైనా బేరమాడుతుంది. ఎండతో ఆడుతుంది, వానతో ఆడుతుంది, ఆలస్యంగా వచ్చిన బస్సుతో కూడా ఆడుతుంది.

ఒక పొద్దున ఫోన్‌లో ప్రకటన కనిపించింది. పట్నంలో ఉన్న ఒక ప్రచురణ సంస్థ కొత్తవాళ్ల కోసం పోటీ పెట్టింది. ఇరవై పేజీల కథ పంపాలి, గెలిచినవాళ్ల పుస్తకం వాళ్లే అచ్చు వేస్తారు. నేను దాన్ని చదవడం, మళ్లీ చదవడం, కిందికీ పైకీ జరపడం చూసి గల్లా మీదున్న మా నాన్నకు, అంటే బాపుకు, ఓపిక పోయింది.

"ఏందే బిడ్డా, పొద్దుగాల సంది గా ఫోనుల మొఖం పెట్టినవ్? గిరాకి గిన్నె పట్టుకొని నిలవడ్డది."

"పోటీ బాపూ. గెలిస్తే నా బొమ్మలు పుస్తకమేస్తరట."

"ఇప్పటిదాక నీ బొమ్మలు ఎవలన్న అడిగిండ్రా?"

"లే."

"మరింకేంది ఫికర్? బోణి గిరాకి గదా. బోణిని మర్లగొడ్తరా ఎవలన్న?"

రోజు మొదటి గిరాకీని మేం ఒట్టి చేతులతో పంపం. లాభం లేకపోయినా, కాస్త నష్టమొచ్చినా, అడిగినదానికి ఇచ్చి పంపుతాం. అలా పంపకపోతే ఆ రోజంతా దుకాణం ముందు నుంచి జనం తల తిప్పుకుని పోతారని మా నమ్మకం. నా బొమ్మలకు అంతవరకూ ఒక్క గిరాకీ రాలేదు. ఆ లెక్కన ఈ పోటీయే నా బోణి.

నియమాలు చదవకపోలేదు. ఎంపికైన కథల హక్కులూ, పాత్రల హక్కులూ సంస్థవేనని అందులో ఉంది. చదివాను, కాస్త గతుక్కుమన్నాను. కానీ దుకాణదారు బిడ్డను కదా, ముందు సరుకు నచ్చనీ, తర్వాత మాట్లాడుకుందాం అనుకున్నాను. సరుకు చేతిలోకి తీసుకున్న గిరాకీ సగం మెత్తబడినట్టేనని నా అనుభవం. కాగితం మీద రాసి ఉన్నదేదైనా అసలు బేరం మొదలయ్యే చోటు మాత్రమేనని నా నమ్మకం.

చివరి తేదీ అంటూ ఒకటి ఉండేసరికి నాలో ఎన్నడూ లేని వేగం వచ్చింది. ఆదిలాబాద్ చలికి తనకే చలేసి, మనిషి రూపంలో రగ్గు కొనడానికి బేరాలత్త దుకాణానికి వస్తుంది. అదీ కథ. ఊరందరి పళ్లూ టకటకలాడించిన చలి, అత్త ముందు తన పళ్లే టకటకలాడించుకుంటూ ధర తగ్గించమంటుంది. తగ్గిస్తా గానీ ఈసారి ఊరు వదిలి ముందే పోవాలి అంటుంది అత్త. చలి అలిగి లేస్తుంది, గడప దగ్గర చెప్పులు మెల్లగా తొడుక్కుంటుంది. చివరి గడిలో అత్త నోరు తెరిచి ఉంటుంది, మాటల బుడగలో "జర ఇటు రా" అని ఉంటుంది. జీవితంలో మొదటిసారి నేను ఒక కథను చివరి పేజీదాకా గీశాను. అగర్‌బత్తి వెలిగించి, గల్లాకు దండం పెట్టి, పంపేశాను.

బాపు ఊరుకుంటాడా? సాయంత్రానికల్లా అత్త ఫోన్ వచ్చింది.

"ఓ కోడలా, నన్ను బొమ్మల్ల పెట్టినవట గదా! ముక్కు జర చిన్నగ గీసినవా?"

"అది నువ్వు కాదత్తా. కథల మనిషి."

"రగ్గులమ్ముతదా?"

"అమ్ముతది."

"ముక్కుపుడక ఉన్నదా?"

"ఉన్నది."

"మరి నేను గాకపోతే ఎవలే? మా గల్లీల అందరికి చెప్పిన, నేను పుస్తకంల వస్తున్న అని. ఎన్నడొస్తది?"

అక్కడి నుంచి నాకు నెమ్మది లేదు. ఫోన్ కిర్రుమంటే చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తేదాన్ని. కుక్కర్ కొనడానికి వచ్చినామెకు మూత లేకుండా కట్టి పంపాను. గెలవకపోతే అత్తకు ఏమని చెప్పాలి? గల్లీ అంతటికీ అత్త ఏమని చెప్పుకోవాలి? అంతవరకూ ఓడిపోతానేమోనన్న భయం ఒక్కటే ఉంది. అది సుఖమైన భయమని తర్వాత తెలిసింది.

ఎందుకంటే కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. చివరి వడపోతలో మిగిలిన కొద్దిమందిలో నేనూ ఉన్నాను. జతచేసిన ఒప్పందం మీద సంతకం చేసి వారంలోగా పంపాలి, ఆ తర్వాతే ఫలితం. దుకాణంలో నిలబడి గట్టిగా అరిచాను. ఆ తర్వాతే కూర్చుని ఒప్పందం చదివాను. నియమాల్లో ఒక్క ముక్కగా ఉన్నది ఇక్కడ విడమరిచి ఉంది. బేరాలత్త పేరు, రూపం, ఇకపై వచ్చే కథలన్నీ వాళ్లవి. ఆమెను ఎవరితోనైనా గీయించుకోవచ్చు. నేను మళ్లీ గీయాలంటే వాళ్ల అనుమతి కావాలి.

ఓడిపోతే బేరాలత్త నా నుంచి పోదు. గెలిస్తే పోతుంది. భయం అటు నుంచి ఇటు తిరిగి కూర్చుంది.

ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని బేరాలత్తకు ముక్కుపుడక తీసేసి నల్ల కళ్లద్దాలు పెడుతున్నట్టు కళ్ల ముందు ఆడింది. ఆమె చేత అడిగిన ధరకే సరుకు ఇప్పిస్తే? అంతకంటే ఘోరం, నీతులు చెప్పిస్తే?

మెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"అగ్రిమెంట్ అందరికీ ఒకటే ఉంటుంది మేడమ్."

"అందరికి ఒకటే అని ప్రతి దుకాణంల రాసి ఉంటదమ్మా. మా దుకాణంల గూడ 'ఒకటే ధర' అని బోర్డు ఉన్నది. గా బోర్డు చూసి ఇప్పటిదాక ఎవ్వలూ బేరం ఆపలే."

ఆ అమ్మాయి నవ్వింది. నవ్విందంటే సగం బేరం అయినట్టే అని నాకు ఆశ పుట్టింది.

"జర మీరే ఒక మాట చెప్పుండ్రి. గీ పుస్తకం మీరుంచుకోండ్రి. మనిషిని మాత్రం నాకియ్యుండ్రి."

"మీ బాధ అర్థమవుతోంది మేడమ్. కానీ నేను ఇక్కడ ఫోన్లు ఎత్తేదాన్ని మాత్రమే. మార్చే అధికారం నాకు లేదు."

"అధికారం ఉన్నాయన ఎవలు?"

"ఆయన ఫోన్లు ఎత్తరు మేడమ్."

మా బజారులో అధికారం ఉన్నవాడే గల్లా మీద కూర్చుంటాడు. మొఖం చూసి అడుగుతాం, మొఖం చూసి కాదంటాడు. ఇక్కడ మొఖమే లేదు. అయినా నాకు వచ్చిన విద్య ఒక్కటే. వారం ముగిసేలోపు మర్యాదగా ఒక మెయిల్ రాశాను. పాత్ర నా దగ్గరే ఉండేలా ఒప్పందం మారిస్తేనే సంతకం చేస్తాను, లేదంటే పోటీ నుంచి తప్పుకుంటాను. పంపి, చెప్పుల దగ్గర నిలబడ్డాను.

పిలుస్తారని నా ధీమా. సరుకు చేతిలోకి తీసుకున్నారు కదా, మెత్తబడి ఉంటారు కదా! "మేడమ్, జర ఇటు రండి" అనేదాకా ఒక చెప్పు, ఆ తర్వాత ఇంకో చెప్పు. పిలుపు రాలేదు. మెయిల్ వచ్చిందేమోనని తెరిచి, స్పామ్‌లో పడిందేమోనని వెతికి, నెట్‌వర్క్ లేదేమోనని ఫోన్ ఆపి మళ్లీ వేశాను. బాపుకు బోణి సంగతి ఇంకా చెప్పలేదు. బోణిని మర్లగొట్టినదాన్ని నేనే.

గడువు దాటిన మర్నాడు గ్లాసులు తుడుస్తుంటే వేములవాడ గుర్తొచ్చింది. శివరాత్రి జాతరకు బాపు అక్కడ చిన్న గిన్నెల కొట్టు వేసేవాడు, నేను చెంబులు అందించేదాన్ని. జాతరలో ఎవరైనా ధర నచ్చక కదిలితే బాపు ఏనాడూ వెనక్కి పిలవలేదు. పిలవాల్సిన అవసరమేంటి? వెళ్లినామె వీపు వెనకే ఇంకో పదిమంది తోసుకుంటూ వస్తుండేవారు. చెప్పులతో ఎంతసేపు కుస్తీ పడినా బాపు కళ్లు అటు తిరిగేవి కావు. తన దుకాణంలో గిరాకీ పలచగా ఉన్నవాడే పిలుస్తాడు. పోటీ అంటే జాతర. నాలాంటి వాళ్లు ఎందరో అందులో తోసుకుంటున్నారు. జాతరలో కొట్టు వెనక కూర్చుని పెరిగిన మనిషిని, కొట్టు ముందు నిలబడగానే ఆ సంగతి మరిచిపోయాను.

ఫలితం వచ్చింది. గెలిచింది ఇంకెవరో. వాళ్ల బొమ్మలు చూశాను, బాగున్నాయి. ఆ బాగుండటం చూసి ఇంకాస్త కుమిలిపోయాను. నేను తప్పుకోకపోయినా వాళ్లే గెలిచేవాళ్లేమో. గెలవనివాళ్ల ఒప్పందం ఏమయ్యేదో కూడా నాకు తెలియదు. వదులుకున్నది పుస్తకాన్నా, పుస్తకం దొరుకుతుందేమోనన్న ఊహనా అన్నది ఇప్పటికీ తేలలేదు.

పోటీల వల్ల కొత్తగా గీసేవాళ్లకు మేలేనా అని అడిగితే నాకు సూటి జవాబు రాదు. ఈ పోటీ లేకపోతే నా దగ్గర ఇంకా మొదటి పేజీలే ఉండేవి, ఆ మేలును కాదనలేను. కానీ నా బొమ్మలో ఏం బాగుందో, ఏం బాగాలేదో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. గిన్నె కొననామె కూడా అడుగు పలచగుందనో, పిడి వదులుగుందనో చెప్పి పోతుంది. ఆ పాటి మాట కూడా దక్కలేదు. నా తర్వాతివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సరుకు చూపించి ధర తర్వాత మాట్లాడుకుందామనుకోకండి. ధర ముందే రాసి ఉంటుంది, అదే చివరి ధర.

అత్తకు ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక బస్సెక్కి ఆదిలాబాద్ వెళ్లాను. అత్త దుకాణంలో పీట మీద ఉంది. కొనడానికొచ్చి ఎదురుగా పరుపు మీద కూర్చున్న ఒకామె రగ్గు మడత విప్పి చూస్తోంది. నన్ను చూడగానే అత్త ఆమెతో అంది, "గీమెనే మా కోడలు. నన్ను గీసింది గీమెనే." పక్కకు కూర్చుని మెల్లగా అంతా చెప్పాను. సంతకం చేస్తే బేరాలత్త వాళ్లదయిపోతుందనీ, అందుకే తప్పుకున్నాననీ, వాళ్లు వెనక్కి పిలవలేదనీ.

అత్త పీట మీద నా వైపు పూర్తిగా తిరిగింది.

"నన్ను అమ్మితివా, అమ్మకపోతివా? గది చెప్పు."

"అమ్మలే."

"మరి పుస్తకం?"

"లేదత్తా."

"నా బేరం నన్నడగకుండ నువ్వెట్ల జేస్తవే? నేనైతే ఇచ్చేదాన్ని. పుస్తకంల పడేదాన్ని గదా! గల్లీల ఇప్పుడు మొఖం ఎట్ల సూపియ్యాలె?"

ఇరవై పేజీలూ ఆమె చేతిలో పెట్టాను, జిరాక్స్ తీయించి తెచ్చాను. ఆమె ఒక్కో గడిలో తన ముక్కునే వెతుక్కుంటూ తిప్పింది. చలి పళ్లు టకటకలాడించే చోట ఆగింది. నవ్వలేదు గానీ ముక్కుపుడక కదిలింది. ఇంతలో పరుపు మీదామె రగ్గు వదిలేసి లేచి, గడప దగ్గర చెప్పులతో తంటాలు పడటం మొదలుపెట్టింది. అత్త అటు చూడనైనా చూడలేదు. చివరి పేజీ మీదే ఉంది.

"పిలిచిన గదా గీడ. పిలిచినంక చలి ఏమన్నది?"

"ఇంకా గీయలే."

"వచ్చిందా, రాలేదా? ముందుగాల పోతనని ఒప్పుకున్నదా?"

"తెల్వదత్తా."

"నీకు గాక ఇంకెవలికి తెలుస్తదే?" అని నా చేతిలో పేజీలు పెట్టి, అప్పుడు గడప వైపు తిరిగి కేకేసింది. "ఓ అమ్మా, జర ఇటు రా!"

చెప్పులు తొడుక్కుంటున్నామె ఒక్క అరక్షణం ఆగకుండా లోపలికి వచ్చింది. నేను బ్యాగులోంచి టాబ్లెట్ తీశాను. దాని మీద ఇంకో పోటీ ప్రకటన ఎప్పుడు వచ్చి పడిందో, వెలుగుతూ ఉంది. దాన్ని పక్కకు జరిపాను. పూర్తిగా మూసేయడానికి మాత్రం వేలు ఒప్పుకోలేదు. ఇరవై ఒకటో పేజీ మొదలుపెట్టాను. ముక్కు కాస్త చిన్నగానే గీస్తున్నాను.