కళ్లు తెరిచి ప్రార్థన చేసిన మా పాస్టరమ్మ

మా పాస్టరమ్మ పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో, నర్సయ్య గొంతులో వచ్చింది. ఉదయం బ్యాంకుకి బయలుదేరుతూ బూట్లు వేసుకుంటున్నాను. "అన్నా, పాస్టరమ్మ పోయింది. మూడు గంటలకు మట్టి చేస్తున్నం. నువ్వు రావాలె." అంతే. నర్సయ్య ఊరి అవతలి కొసన లింబాయత్‌లో మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. ఇరవై ఏళ్ల మగ్గాల చప్పుడు అతని చెవులను తినేసింది. మాట రికార్డు చేసి పంపగలడు గానీ, మనం పంపింది వినలేడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సు, అలాగే ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి రెండో బూటు తీసి పక్కన పెట్టింది.

ఆమెను కలిసి మూడేళ్లయింది. ఎందుకు కలవలేదో చెప్పకుండా ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి తప్పించుకోవచ్చు. అది నా వల్ల కాదు.

పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య అనుకునేరు. ఆమే పాస్టరు. పెళ్లి చేసుకోలేదు. నల్లగొండ వైపు మనిషి. ఈ గుజరాతీ ఊళ్లో మా పేట అడాజన్. అక్కడ హౌసింగ్ సొసైటీ హాలు అద్దెకు తీసుకుని మేం ఆదివారాలు తెలుగు ఆరాధన జరుపుకునేవాళ్లం. బ్యాంకుల వాళ్లం, రైల్వే వాళ్లు, హజీరా కంపెనీల ఇంజినీర్ల కుటుంబాలు. ఇస్త్రీ బట్టలు, రెండు పాటలు, ఒక ప్రసంగం, చివర్లో టీ, సమోసా. ఆమె వచ్చిన రెండు నెలలకే ముందు వరుసలు మావి కాకుండా పోయాయి. లింబాయత్ నుంచి షేర్ ఆటోల్లో మగ్గాల వాళ్లను తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టారు. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా, జుట్టులో దారపు నూగుతో వచ్చేవాళ్లు. వాళ్లలో సగం మంది క్రైస్తవులే కారు. వీళ్లకి బాప్తిస్మం ఎప్పుడిస్తారని మా పెద్దాయన ఒకరు అడిగితే, "వాళ్లు మనలో కలవడానికి రాలేదయ్యా, మనం వాళ్లలో కలవాలని తెచ్చిన" అన్నారు. ఆ పెద్దాయన ఆ రోజు సమోసా ముట్టలేదు.

ఆమె ప్రసంగం మొదట్లో మాకు కొట్లాటలాగా ఉండేది. గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, చేతులు తిప్పుతూ చెప్పేవారు. ప్రార్థన చేసేటప్పుడు కళ్లు మూసుకోనిచ్చేవారు కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కళ్లు మూసుకుని మోకరించినవాళ్లం, మాకెలా ఉంటుంది చెప్పండి? వెనక వరుసలో మా ఆవిడ పట్టుదలగా కళ్లు మూసుకునేది. "కళ్లు మూస్తే దేవుడు కనపడతడో లేదో గని, పక్క మనిషి మాత్రం కనపడడు" అనేవారు ఆమె. అది నాకు పొగరుగా వినిపించింది.

అసలు సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మగ్గాల దగ్గర మాట వినపడదు. అక్కడి వాళ్లు పెదాలు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారు. కొన్నేళ్లకు బయట కూడా వాళ్లకు అదే భాష. ఆమె కార్ఖానాల్లో గంటలు గంటలు నిలబడి ఆ సైగలు నేర్చుకున్నారు. వాళ్లు కళ్లు మూసుకుంటే ప్రార్థన అక్కడితో ఆగిపోయినట్టే. ఈ మాట ఆమె మాకు విడమరిచి చెప్పలేదా అంటే, చెప్పారు. మేమే చెవిన వేసుకోలేదు. గట్టిగా చెప్పే శ్రమ తగ్గుతుందని నేను పూనుకుని, అందరినీ అడిగి మంచి మైకు కొని తెచ్చాను. మొదటి ఆదివారమే ఆమె దాన్ని పక్కకు జరిపేశారు. నోటికి అడ్డం వస్తే వాళ్లకు పెదాలు కనపడవు తమ్ముడూ అన్నారు, నవ్వుతూనే. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మైకు నా మనసులో చాలాకాలం గుచ్చుకుంది. ఎంత చిన్నబుద్ధో చూడండి.

ఆమెకొక అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా ఎదుటి మనిషి భుజం మీది నూగు ఏరుతూ ఉండేవారు. మా అడాజన్ వాళ్ల చొక్కాల మీద నూగేం ఉంటుంది? అయినా ఏరేవారు. లింబాయత్‌లో ఆమె ఉన్న ఒక్క గది పగలంతా తెరిచే ఉండేది. వేలు తెగినవాడు, రేషన్ కార్డు లేనివాడు, మొగుడు కొడితే వచ్చిన ఆడమనిషి, హిందువా ముస్లిమా అన్న లెక్క లేదు. ముందు టీ, తర్వాత దరఖాస్తు కాగితం, ఆ తర్వాత ఆఫీసుకు నడక. ప్రార్థన ఎప్పుడు అని నేను వెక్కిరింతగా అడిగాను ఒకసారి. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు అని జవాబిచ్చారు.

నర్సయ్య తమ్ముడు కార్ఖానాలో కరెంటు కొట్టి చనిపోయాడు. యజమాని ఆ పిల్లవాడు తన దగ్గర పని చేయనే లేదన్నాడు. ఆ ఆదివారం పాస్టరమ్మ ప్రసంగం మానేసి, చనిపోయిన పిల్లవాడి భార్యను నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. ఆ అమ్మాయి ఏడవలేదు. మొగుడు పొద్దున ఏం తిని వెళ్లాడో చెప్పింది. తర్వాత పాస్టరమ్మ మా వైపు చూసి, రేపు లేబర్ ఆఫీసుకు ఈమెతో పదిమంది రావాలి, మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు అన్నారు. చేతులెత్తమన్నారు. ముందు వరుసల్లో అన్ని చేతులూ లేచాయి. వెనక మా వరుసల్లో ఒక్కటీ లేవలేదు. నాకు బదిలీ భయం, ఇంకొకరికి ప్రమోషన్ భయం, ఇంకొకరికి పేరు పేపర్లో వస్తుందని భయం. నేల చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే కమిటీ కూర్చుంది. నేను కార్యదర్శిని. ఉత్తరం నేనే రాశాను. పాస్టరు గారు ఆరాధనలో అరుస్తున్నారనీ, ప్రార్థనకు మర్యాద లేకుండా పోయిందనీ, ఇకమీదట అడాజన్ ఆరాధనకు వేరే ఏర్పాటు చూసుకుంటామనీ. మొదటి సంతకం నాదే.

ఆమె మా ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అనేవాణ్ని. మడిచి సంచిలో పెట్టుకున్నారు. "అరుస్తున్ననని రాసినవు తమ్ముడూ. భయమైతుందని రాస్తే నేను గూడ సంతకం పెడుదును గద. నాకు మాత్రం లేదా భయం?" అన్నారు. నా భుజం మీద ఏదో తీసి పారేసి మెట్లు దిగారు. ఇక అడాజన్ రాలేదు.

లేబర్ ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగి, ఆ అమ్మాయికి రావలసింది ఇప్పించారని విన్నాను. ఒంట్లో బాగాలేదనీ విన్నాను. ఒకసారి లింబాయత్ దాకా వెళ్లాను కూడా. ఆటోలోంచి చూస్తే గది ముందు అరుగు మీద ఎవరికో దరఖాస్తు రాస్తున్నారు, బాగా చిక్కిపోయారు. దిగడానికి మొహం చెల్లలేదు. అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను. వచ్చే నెల వెళ్దాం, పండగకి వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. క్షమించమని అడగడానికి ఒక మనిషి బతికి ఉండాలన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

సమాధుల తోటలో నేను వెనక నిలబడ్డాను. నర్సయ్య వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. చుట్టూ మగ్గాల వాళ్లు, రాత్రి షిఫ్టు చేసి పడుకోకుండా వచ్చినవాళ్లు, బురఖాల్లో ఆడవాళ్లు, ఆ చనిపోయిన తమ్ముడి భార్య. అందరూ నాకు దారి ఇచ్చారు. "అమ్మ జెప్పింది. నాకేమన్నయితే ముందుగాల అడాజన్ తమ్మునికి చెప్పుండ్రి, ఆయన నా మనిషి అన్నది" అన్నాడు నర్సయ్య. అడాజన్ ఎందుకు మానేశారని వాళ్లడిగితే, హాలు దూరమైపోతోందని మాత్రమే చెప్పారట ఆమె.

గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. నువ్వే ముందు వెయ్యాలన్నాడు. నా గుప్పిట తెరుచుకోలేదు. ఆ ఉత్తరం రాసింది నేనే నర్సయ్యా, నీ తమ్ముడి మాట మా హాల్లో వినపడకూడదని రాసింది నేనే, ఆమెను పంపించింది నేనే అని చెప్పాను. శవపేటికను చూస్తూ, తల వంచుకునే చెప్పాను.

నర్సయ్య నా గడ్డం కింద వేళ్లు పెట్టాడు.

"మొకం పైకెత్తి చెప్పన్నా. నాకు ఇనవడదు."

తల ఎత్తాను. అతని కళ్లలోకి చూస్తూ మొదటి నుంచీ మళ్లీ చెప్పాను, ఒక్కో మాటా విడదీసి. చివరి మాట దాకా అతను నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. వెనక జనం ఎదురుచూస్తున్నారు. అప్పుడు నా పిడికిలి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. మట్టి కొంచెం కొంచెంగా ఆమె మీద పడింది.