సూరమ్మ పలకని పేరు

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కోరంగి రేవులో, సముద్రం అవతల మోరీసు దీవికి కూలీలను పంపే కచేరీలో గుమాస్తాగా పనిచేశాను. దొరకి తెలుగు రాదు, వచ్చేవాళ్లకి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. ఊళ్లో ఈనాటికీ నన్ను ధర్మాత్ముడంటారు. వింటుంటే ఒళ్లు మండిపోతుంది.

సూరమ్మది పాలకొల్లు దగ్గర పల్లె. మొగుడు మోరీసు చెరుకుతోటల్లో కుదురుకుని, పెళ్లాన్ని పంపమని ఉత్తరం రాయించాడు. అలా పిలుపు వచ్చిన ఆడవాళ్ల పేర్లు పుస్తకంలో వరసగా రాసుకుని, ఓడలో చోటు దొరికినప్పుడు పంపాలని కచేరీ రూలు. సూరమ్మ మూడేళ్లు కాచుకుంది. ఓడ వచ్చిందని తెలిసినప్పుడల్లా మూట కట్టుకుని పడవెక్కి వచ్చేది, వంతు రాలేదంటే తిరిగి వెళ్లేది. వంతు వచ్చిన ఇంకొకడి పెళ్లానివని చెప్పి ఈ ఓడకే ఎక్కిస్తానన్నాడు కూలీలను కుదిర్చే ఒక మేస్త్రీ. ఛీ పొమ్మంది. ఆ మేస్త్రీ చెప్పినట్టు ఆడినవాళ్లంతా వెళ్లిపోయారు. రూలుకి కట్టుబడ్డ మనిషి రేవులోనే మిగిలిపోయింది. ఇదేం న్యాయమండీ?

చివరికి ఆమె వంతు వచ్చింది. ఆ పొద్దున్నే కచేరీ అరుగు మీద, పదిమంది ముందు, తన వెనక వచ్చినవాళ్లు ముందెలా వెళ్లారని నన్ను నిలదీసింది. అడగవలసిన మాటే. నాకు తల కొట్టేసినట్టయింది. కూలిదానికి ఇంత నోరా అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

దొర లోపలికి పిలిచి మొగుడి పేరు అడిగాడు. దొంగపెళ్లాలని పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్న అది. మన ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలుకుతారా? నా ఇంట్లో నా భార్య పలుకుతుందా? అంతకుముందు ఎందరో ఇలాగే ఆగిపోతే, ఇది మా ఆచారమని దొరకి నేనే సర్దిచెప్పాను. పేరు నేను చదివితే వాళ్లు తలూపేవారు, పని జరిగిపోయేది.

సూరమ్మ తల దించుకుంది. "కాయితం మీ చేతిలోనే ఉంది కదండీ. తమరే చెప్పండి బాబూ" అంది.

ఏమంటోందని దొర అడిగాడు. తెలియదంటోందని చెప్పాను.

ఎందుకన్నాను? కోపమా? అది అరక్షణంలో దిగిపోయింది. అప్పుడైనా దిద్దుకోవచ్చు కదా, నోరు తెరిచి నా పొరపాటని ఒక్క మాట అంటే దొర నన్ను ఉరి తీసేవాడా? ఆమె పేరు కొట్టేయడానికి కలం సిరాలో ముంచి అందించింది కూడా నేనే.

"ఏమన్నారండీ?" అంది బయటికి వచ్చాక.

"వచ్చే ఓడకి రమ్మన్నారు" అన్నాను.

నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. తరువాత నాలుగు ఓడలకి వచ్చింది, మూట పట్టుకుని. నాలుగుసార్లూ అదే అబద్ధం చెప్పాను. ఐదో ఓడకి రాలేదు. ఏమైందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

తప్పు రూలుదంటారా? నా తరఫున మాట్లాడకండి. ఆ రూలు తెలివితక్కువదే, ఆ మేస్త్రీ వెధవే. కానీ పేరు తెలిసి కూడా చెప్పనివాణ్ణి నేను. క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. ఆ రోజు నేను చెప్పవలసింది ఒక్క మాట. ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె భర్త పేరు వీరన్న.