ఉమ్మిలో వంజరం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలివికంటే మర్యాద ఎక్కువుండేది. బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. ఎవరింట్లో ఏం పెట్టినా కాదనకూడదన్నది ఆవిడ మొదటి పాఠం. మనుషుల జన్యువుల్లోని తేడాలు కంప్యూటర్‌కి నేర్పించి జబ్బుల జాడ పట్టే చోట, మధురవాడలో, ప్రభువు దయవల్ల పని దొరికింది. మొట్టమొదట తీరాన ఒక జాలరి ఇంటికెళ్ళి అందరి ఉమ్మీ పట్టుకురమ్మన్నారు. ఆ ఇంటి పెద్దబ్బాయికి పొద్దుగూకితే చూపు ఆనదు. చెల్లెలికేమో మేనత్త కొడుకుతో పెళ్ళి కుదిరింది. పుట్టబోయే పిల్లలకీ ఆ జబ్బొస్తుందో రాదో తేలేదాకా ముహూర్తం పెట్టేది లేదని వాళ్ళ నాయనమ్మ భీష్మించుక్కూర్చుంది.

అరగంట ముందునుంచీ ఏమీ తినొద్దని చెబితే బుద్ధిగా విన్నారు. తీరా గొట్టాలు చేతికిచ్చాక ఎవరి నోరూ ఊరలేదు (పెళ్ళికొడుకైతే సిగ్గుతో గోడవైపు తిరిగిపోయాడు). "ఉమ్మంటే ఊరికే వత్తాదేటి పాపా? ఉండు, నాను ఊరిత్తాను" అంటూ నాయనమ్మ పొయ్యిమీది వంజరం పులుసు తెచ్చి మధ్యలో పెట్టింది. వాసన చూడ్డానికే అన్నారు గానీ వాసన దగ్గర ఆగినవాళ్ళు లేరు. నాకూ ఒక ముక్క పెడితే, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుని మరీ తిన్నాను. గొట్టాలు ఇట్టే నిండాయి.

కొన్నాళ్ళకి సారు పిలిచారు. తెరమీద మనిషికో చుక్క; లోకమంతా ఒక గుంపుగా ఉంటే, మావాళ్ళు మాత్రం దూరంగా ఒక మూల తేలుతున్నారు. "నువ్వు తెచ్చింది మనుషుల ఉమ్మేనామ్మా? కంప్యూటర్ నమ్మట్లేదు" అన్నారు. మనిషివి కానివాటిని విడదీసి చూస్తే, చేప. తలొంచుకుని పులుసు సంగతి చెప్పాను. సారు, బాగుందా అని మాత్రం అడిగారు.

మళ్ళీ వెళ్ళి, ఈసారి గిన్నె వద్దని బతిమాలాను. నాయనమ్మ నొచ్చుకోలేదు. చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి మొదలెట్టి పులుసంతా నోటితోనే వండింది. ముక్కలు వేసేలోపే గొట్టాలు నిండిపోయాయి. వేల తేడాల్లోంచి కంప్యూటర్ ఒక్కదాన్ని వేలుపెట్టి చూపించింది; డాక్టర్ల పరీక్షలోనూ అదే తేలింది. అది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బట; అమ్మాయికి ఒకరి నుంచే వచ్చింది, పెళ్ళికొడుక్కి అసలు లేదు. కాబట్టి పిల్లలకి ఆ జబ్బు రాదన్నారు. పెళ్ళైన మర్నాటి విందులో నా పళ్ళెంలో ముక్కలేస్తూ, "ఇప్పుడు తిను పాపా, మిషను సూడదులే" అంది నాయనమ్మ.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి నేనే నియమాలు చెబుతాను, ముఖం చాలా గంభీరంగా పెట్టుకుని. ఇంటికొచ్చి ప్రార్థనలో కూర్చున్నప్పుడు, కృతజ్ఞతలు చెప్పుకోవాల్సినవాళ్ళలో ఆ నాయనమ్మ గుర్తుకు రాగానే మాత్రం నోరూరుతుంది. ప్రభువు ఏమీ అనుకోడనే నా నమ్మకం.